రాజన్నవలస హాకీ జట్టు సాధారణ బదిలీలు

చక్కెర ఫ్యాక్టరీకి రెండే కాలాలు: చెరకు ఆడే కాలం, ఆడని కాలం. ఆడే కాలంలో ఫ్యాక్టరీ పొగ వదులుతుంది, ఆఫీసు కునుకు తీస్తుంది. ఆడని కాలంలో ఫ్యాక్టరీ కునుకు తీస్తుంది, ఆఫీసు మేలుకుంటుంది. ఊరికి ఏ కీడు జరిగినా ఈ రెండో కాలంలోనే జరుగుతుందని రాజన్నవలసలో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు.

లెంక పోలినాయుడికి మరీ బాగా తెలుసు. ఆయన నాలుగెకరాల చెరకు రైతు, సహకార చక్కెర ఫ్యాక్టరీలో సభ్యుడు, ఫ్యాక్టరీ హాకీ జట్టు అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఈ మూడింటిలో ఆయనకు గిట్టుబాటైంది ఒక్కటీ లేదు. అయినా పంతొమ్మిదేళ్ళుగా ప్రతి సీజనులోనూ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి ఆరకముందే గ్రౌండుకు వెళ్ళి, పడమటి గోలు వెనక సిమెంటు మెట్లలో మూడో మెట్టు మీద కూర్చునేవాడు. ఆ మెట్టు మీద వేరేవాళ్ళు కూర్చుంటే ఆయన ఏమీ అనడు. వాళ్ళు లేచేదాకా పక్కన నిలబడి దగ్గుతాడు.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే. సహకార ఫ్యాక్టరీలన్నీ ఆడే ఫెడరేషన్ కప్పు ఒక్కసారి రాజన్నవలస జట్టు గెలవాలి. పన్నెండేళ్ళుగా ఆ కప్పు పక్కనున్న గౌరీపురం ఫ్యాక్టరీ బీరువాలోంచి బయటికి రాలేదు. పోయిన ఏడు ఫైనల్లో ఒకే ఒక్క గోలుతో, అదీ చివరి నిమిషంలో, చేజారిపోయింది. ఈ ఏడు మాత్రం ఖాయమని ఊరంతా నమ్మింది. పదకొండు మందీ పాతవాళ్ళే, ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. గోల్‌కీపరు ఎర్రన్న బాయిలరు దగ్గర ఫిట్టరు. అతని మోకాళ్ళు ఇంకొక్క సీజనుకు మించి పనిచెయ్యవని డాక్టరు చెప్పేశాడు. అంటే ఈ ఏడు గెలిస్తే గెలిచినట్టు, లేకపోతే మళ్ళీ ఎర్రన్నలాంటివాడు పుట్టి, పెరిగి, బాయిలరు దగ్గర చేరేదాకా ఆగాలి. పోలినాయుడికి అంత వయసు మిగిలి లేదు.

సరిగ్గా అప్పుడు, జూన్ నెలలో, నోటీసు బోర్డు మీద కాగితం పడింది.

"విషయము: సిబ్బంది – క్రీడా విభాగము – హాకీ జట్టు – ఒకే స్థానమందు మూడు సంవత్సరములు పైబడి కొనసాగుచున్న క్రీడాకారులు – సాధారణ బదిలీలు – ఉత్తర్వులు జారీ చేయుట గురించి."

కింద పట్టిక. ఎర్రన్న, గోల్‌కీపరు, తొమ్మిది సంవత్సరములు: సెంటర్ ఫార్వర్డుగా బదిలీ. గౌరీశు, సెంటర్ ఫార్వర్డు, ఐదు సంవత్సరములు: గోల్‌కీపరుగా బదిలీ. ఎడమవాళ్ళు కుడికి, కుడివాళ్ళు ఎడమకు, వెనకవాళ్ళు ముందుకు. నూనె మరకలో చిక్కిన ఈగల్లా పదకొండు పేర్లూ ఆ పట్టికలో చిక్కుకున్నాయి.

పోలినాయుడు చెప్పులు చేత్తో పట్టుకుని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనుకు పరిగెత్తాడు. అక్కడ సూపరింటెండెంటు భానోజీరావు ఉంటాడు. మంచివాడే. పుట్టినప్పుడు ఏడ్చాడో లేదో గాని, ఏడ్చి ఉంటే తగు దరఖాస్తు పెట్టుకునే ఏడ్చి ఉంటాడు.

"ఏటి బాబూ ఇది? గోలు కాసీవోడిని ఎదరకు పంపిస్తారేటి?"

"కూర్చోండి నాయుడుగారూ," అన్నాడు భానోజీరావు. "కొత్త మేనేజింగ్ డైరెక్టరుగారు త్రిలోచనరావుగారు ఫైళ్ళన్నీ తిరగేశారు. ఒకే సీటులో మూడేళ్ళు దాటినవాళ్ళను కదపాలి. ఇది ఫెడరేషనులోని ఫ్యాక్టరీలన్నిటికీ నియమం. క్లర్కులను కదిపాం, టైపిస్టులను కదిపాం, అటెండర్లను కదిపాం. హాకీవాళ్ళు మాత్రం మన సిబ్బంది కాదా? ఒక మనిషి తొమ్మిదేళ్ళు ఒకే చోట నిలబడితే స్థానికంగా సంబంధాలు ఏర్పడతాయండీ. దురుపయోగానికి ఆస్కారం ఉంటుంది."

"ఎవుల్తోటి బాబూ సంబంధాలు? గోలు గుంజతోటా?"

"గుంజతో అని నేను అనలేదు. కాని ఆస్కారం ఉంది. ఆస్కారం ఉన్నచోట కదపాలి."

ఆ ఆదివారం ప్రాక్టీసు మ్యాచి పెట్టారు. ఎదుట హైస్కూలు ఆడపిల్లల జట్టు. ఎర్రన్న సెంటర్ ఫార్వర్డుగా బంతితో ముందుకు వెళ్ళాడు గాని, తొమ్మిదేళ్ళ అలవాటు ఊరుకోదు. ఎదురుగా బంతి ఎక్కడినుంచి వచ్చినా దానిమీద అడ్డంగా పడిపోతున్నాడు. సొంత జట్టువాళ్ళు కొట్టిన బంతుల్ని కూడా ఆపేశాడు. గౌరీశు గోల్లో నిలబడ్డాడు. మొదటి బంతి అతని దగ్గరకు రాగానే గోలు విడిచి, దాన్ని తోసుకుంటూ అవతలి కొసకు పోయి గోలు కొట్టాడు. ఆపైన తన గోలు ఖాళీగా ఉందని గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చేసరికి రెండు పడిపోయాయి. పిల్లలు పదకొండు మూడుతో గెలిచి, సిగ్గుపడి, చప్పట్లు కొట్టకుండానే ఇళ్ళకు పోయారు.

అభిమాన సంఘం మేనేజింగ్ డైరెక్టరుగారికి మహజరు ఇచ్చింది. త్రిలోచనరావుగారు దాన్ని నిలబడి అందుకున్నారు. ఆయన ఏది అందుకున్నా నిలబడే అందుకుంటారు, ఎక్కడ పెట్టేదీ మాత్రం కూర్చుని ఆలోచిస్తారు.

"మిత్రులారా, మీ ఆవేదన నాకు అర్థమైంది," అన్నారాయన. "నిలవ నీరు పాచిపడుతుంది. వ్యవస్థలో కదలిక రావాలి. అయితే ఆ కదలికలో మానవీయ కోణం కూడా ఉండాలి. అందుకే క్రీడాకారులకు కౌన్సెలింగు పెడుతున్నాను. ఎవరికి ఏ స్థానం కావాలో వారే, అందరి ఎదుటా, పారదర్శకంగా కోరుకోవచ్చు."

మహజరుకు ఇంత తొందరగా ఫలితం దక్కడం పోలినాయుడి జీవితంలో అదే మొదటిసారి. ఇంటికి పోయి భార్య నారాయణమ్మకు చెప్పి సంబరపడ్డాడు.

"కప్పొస్తే మాత్రం ఏటి, అందులో మనం కాపీ తాగుతామేటి?" అంది ఆవిడ, చెరకు పిలకలు ఏరుతూ.

కౌన్సెలింగు పొద్దున పదింటికి మొదలైంది. గోడమీద తెర వేసి ఖాళీల జాబితా చూపించారు. ఎర్రన్న వంతు వచ్చింది. అతను గోల్‌కీపరు స్థానం కావాలన్నాడు.

"రాజన్నవలస గోలులో మీకు తొమ్మిదేళ్ళు నిండాయి కనుక అది మీకు చూపించడానికి వీల్లేదు," అన్నాడు భానోజీరావు. "ఈ నియమమే గౌరీపురంలోనూ అమలైంది. అక్కడి గోల్‌కీపరునూ కదిపారు. అందువల్ల అక్కడ గోలు ఖాళీ. కోరుకుంటారా?"

ఎర్రన్న తెరవైపు చూశాడు, మోకాళ్ళవైపు చూసుకున్నాడు, సంతకం పెట్టాడు. గౌరీశుకు సెంటర్ ఫార్వర్డు కావాలి. గౌరీపురంలో ఖాళీ. ఎడమ బ్యాకుకు ఎడమ బ్యాకే కావాలి. గౌరీపురంలో ఖాళీ. భోజనం వేళకల్లా పదకొండు మందీ గౌరీపురం కోరుకున్నారు. అదే వేళకు గౌరీపురంలో కూర్చున్న పదకొండు మందీ రాజన్నవలస కోరుకున్నారు. ఒక్కరూ కంట తడి పెట్టలేదు, ఒక్క అభ్యంతరమూ రాలేదు. నూటికి నూరు శాతం సంతృప్తితో ముగిసిన మొట్టమొదటి కౌన్సెలింగు ఇదేనని త్రిలోచనరావుగారు ఫెడరేషనుకు రాసుకున్నారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పోలినాయుడు ఊడిన నాలుకతోనే గేటు దగ్గర ఎర్రన్నను పట్టుకున్నాడు.

"ఎర్రన్నా, నువ్వు కూడానా?"

"ఏటి సెయ్యమంతావు మావా?" అన్నాడు ఎర్రన్న. "మోకాలికి ఒక్క ఏడే ఉంది. ఆ ఏడు నాను గోల్లోనే ఉండాల. ఎదర పరుగులెట్టలేను. గోలు ఏ ఊర్లో ఉంటే ఆ ఊరెల్తాను. కోపం పెట్టుకోకు."

పోలినాయుడికి కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. చేతిలోని సంచీలో ఎర్రన్నకని తెచ్చిన బెల్లం అచ్చు ఉంది. అతనికిచ్చి ఇంటిదారి పట్టాడు.

అప్పుడైనా ఆయన ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఎర్రన్నను వెనక్కి తెప్పించమని అర్జీ పెట్టాడు. గౌరీపురంలో చేరి మూడేళ్ళు నిండలేదు కనుక కదపరాదని జవాబు వచ్చింది. మూడేళ్ళు దాటితే కదపక తప్పదు, మూడేళ్ళు నిండకపోతే కదిపే వీలు లేదు. ఈ రెండింటి మధ్య మనిషి తనంతట తాను కదిలే సందు ఎక్కడా లేదు. పోలినాయుడు మళ్ళీ రాశాడు. మళ్ళీ జవాబు వచ్చింది. సెప్టెంబరులో రాసిన అర్జీలో ఆవేశం పట్టలేక ఇలా మొదలుపెట్టాడు:

"అయ్యా, పంతొమ్మిది సంవత్సరములుగా పడమటి గోలు వెనక మూడో మెట్టు మీదనే కూర్చుని ఈ జట్టును చూచుచున్న నేను వ్రాయునది ఏమనగా..."

భానోజీరావు అక్కడే ఆగిపోయాడు. ఎర్ర కలం తీసి "పంతొమ్మిది" కింద ఒక గీత, "మూడో మెట్టు మీదనే" కింద రెండు గీతలు గీసి, ఫైలును పైకి పంపాడు. రాసినవాడు తన నోటితో తానే ఒప్పుకున్నాడు. ఇక విచారణ ఎందుకు?

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఫ్యాక్టరీ నియమావళి సిబ్బందికే కాక సభ్యులకూ వర్తించును. మెట్లపై మూడు సంవత్సరములు పైబడి కూర్చొనుచున్న అభిమానులు రెండువందల పద్నాలుగు మందిని గౌరీపురం జట్టు అభిమానులుగా బదిలీ చేయడమైనది. అంతమంది గౌరీపురం అభిమానులు ఇటు వచ్చెదరు. చార్జి అప్పగించి, రసీదు పొంది, ఏడు దినములలో చేరవలెను.

గౌరీపురంనుంచి చార్జి తీసుకోవడానికి వచ్చినవాడు బెహరా సన్యాసిరావు. అక్కడి అభిమాన సంఘం అధ్యక్షుడు. పన్నెండేళ్ళుగా పోలినాయుడు ఇతన్ని మైదానం అవతలినుంచి మాత్రమే చూశాడు, తిట్టాడు. దగ్గరనుంచి చూస్తే బక్కగా, భయంభయంగా, చేతిలో కారియరుతో ఉన్నాడు. భానోజీరావు మధ్యలో కుర్చీ వేసుకుని జాబితా చదివాడు.

"సిమెంటు మెట్టు, మూడోది, ఒక బీటతో, ఒకటి."

"ఒకటి," అన్నాడు సన్యాసిరావు, మెట్టును తడిమి చూసి.

"డప్పు ఒకటి. కర్ర లేదు."

"కర్ర అంపైరు మీదకు ఇసిరినాను బాబూ, పోయిన ఫైనల్లో," అన్నాడు పోలినాయుడు.

"కర్ర లేదని రాశాం. నినాదాలు, పదకొండు. వినిపించండి."

పోలినాయుడు గొంతు సవరించుకున్నాడు. ఒక్కొక్క నినాదమూ తను చెప్పాలి, సన్యాసిరావు తిరిగి చెప్పాలి. ఆరోది గౌరీపురంవాళ్ళ అమ్మమ్మల గురించి. సన్యాసిరావు దాన్ని తల వంచుకుని, తప్పులు లేకుండా అప్పజెప్పాడు. చెప్పాక కళ్ళు తుడుచుకున్నాడు.

"మా అమ్మమ్మ పోయి రెండేళ్ళయినాది నాయుడుగారూ."

"నాకు తెల్దు బాబూ," అన్నాడు పోలినాయుడు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. "అది వొగ్గీండి. పది అని రాయండి."

"పదకొండు ఉన్నచోట పది రాస్తే ఆడిటు అభ్యంతరం వస్తుంది," అన్నాడు భానోజీరావు. పదకొండనే రాశాడు.

అలా పోలినాయుడు గౌరీపురం అభిమాని అయ్యాడు. సీజను మొదలైంది. మొదటి రెండు ఆదివారాలూ అటువైపు మెట్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కళ్ళముందు తన ఎర్రన్న, తన గౌరీశు, తన ఎడమ బ్యాకు, అందరూ నీలం చొక్కాల్లో. ఆ నీలం చొక్కాను పన్నెండేళ్ళు తిట్టిన నోరు దాన్ని మెచ్చుకోనంటుంది. లోపలున్న మనుషుల్ని తిట్టనూ తిట్టనంటుంది. మూడో ఆదివారం ఎర్రన్న ఒక బంతిని కాలి మడమతో ఆపేసరికి ఆయనకు తెలియకుండానే "నా తండ్రే!" అని నోరు జారింది. పక్కనున్న రెండువందల పదమూడు మందీ, వాళ్ళంతా రాజన్నవలసవాళ్ళే, ఒక్కసారి ఆయనవైపు చూశారు. తర్వాత వాళ్ళూ అరిచారు.

గౌరీపురం ఫైనలుకు చేరింది. రాజన్నవలస కూడా చేరింది. చేరకేం, గౌరీపురంలో పన్నెండేళ్ళు గెలిచినవాళ్ళే కదా ఇప్పుడు ఆకుపచ్చ చొక్కాల్లో ఉన్నది.

ఫైనలు రాజన్నవలస గ్రౌండులోనే. ఒకవైపు గౌరీపురం చొక్కాల్లో రాజన్నవలసవాళ్ళు, వాళ్ళకు కేకలు వేసే రాజన్నవలసవాళ్ళు. ఇంకోవైపు రాజన్నవలస చొక్కాల్లో గౌరీపురంవాళ్ళు, వాళ్ళకు కేకలు వేసే గౌరీపురంవాళ్ళు. త్రిలోచనరావుగారు వేదిక మీదనుంచి చూసి, ఇంత చలనశీలమైన వ్యవస్థ దేశంలో ఎక్కడా ఉండదని పక్కవారితో అన్నారు.

ఆట రెండు ఒకటి దగ్గరకు వచ్చింది. నీలంవాళ్ళు ముందున్నారు. చివరి నిమిషంలో ఆకుపచ్చవాళ్ళకు పెనాల్టీ స్ట్రోకు దొరికింది. పోయిన ఏడు కప్పు ఎగరేసుకుపోయిన ఆటగాడే బంతి ముందు నిలబడ్డాడు. ఎర్రన్న ఒంగి ఉన్నాడు. అతని ఎడమ మోకాలు వణుకుతుండడం పోలినాయుడికి అంత దూరంనుంచీ కనిపించింది. ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. బంతి కుడిపక్కకు, నడుమెత్తున వచ్చింది. ఎర్రన్న మోకాలి సంగతి మరిచిపోయి ఎగిరాడు.

ఆపాడు. కింద పడ్డాడు. లేవలేకపోయాడు. లేవలేకుండానే నవ్వుతున్నాడు.

పోలినాయుడు మెట్ల మీదనుంచి ఎలా దిగాడో, కంచె ఎలా దాటాడో ఆయనకే తెలియదు. ఎర్రన్న తలను ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఊరి పేరు, చొక్కా రంగు ఆ నిమిషంలో ఆయనకు గుర్తు లేవు. పంతొమ్మిదేళ్ళు ఎదురుచూసినది చూశాడు. ఆ పదకొండు మందే, ఆ కప్పే.

"మావా, గెల్సీసినాం," అన్నాడు ఎర్రన్న.

"గెల్సీసినాం బాబూ, గెల్సీసినాం."

కప్పు ఆ సాయంత్రమే గౌరీపురం ఫ్యాక్టరీ బీరువాకు చేరింది. ఎర్రన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇక ఆడడని తేల్చేశారు. పోలినాయుడు మర్నాడు బస్సెక్కి పోయి, గౌరీపురం ఫ్యాక్టరీలో అద్దం వెనక కప్పును చూసి, ఆసుపత్రిలో ఎర్రన్నకు అది ఎలా ఉందో చెప్పి వచ్చాడు. రెండు పిడులూ, కింద చెక్క దిమ్మ, ఈ ఏటి రేకు మీద పదకొండు పేర్లూ. గౌరీపురమనే మాట పైన ఉంటే ఉంది. కింద పేర్లు తనవాళ్ళవి.

ఇది జరిగిన పదోరోజున నోటీసు బోర్డు మీద ఇంకో కాగితం పడింది.

"విషయము: చరాస్తులు – ఫెడరేషన్ కప్పు – గౌరీపురం యూనిట్ నందు పదమూడు సంవత్సరములుగా ఒకే బీరువాలో కొనసాగుట – రాజన్నవలస యూనిట్‌కు బదిలీ – ఊరేగింపుతో స్వీకరించుట గురించి."

కప్పు వచ్చే రోజున ఊరిని మామిడి తోరణాలతో అలంకరించారు. పూలు కట్టిన జీపులో కప్పు, కప్పు పక్కన త్రిలోచనరావుగారు, ముందు సీటులో భానోజీరావు. జీపు ముందు కొత్త రాజన్నవలస అభిమానులు, అంటే గౌరీపురంవాళ్ళు, ఉత్తర్వు ప్రకారం నాట్యం చేస్తున్నారు. పదమూడేళ్ళ తమ కప్పును తామే పరాయి ఊరికి మోసుకొస్తూ సన్యాసిరావు డప్పు కొడుతున్నాడు. కన్నీళ్ళు మీసాల మీదుగా కారుతున్నాయి గాని దెబ్బ తప్పడం లేదు.

ఫ్యాక్టరీ గేటు ఇంకా వంద గజాలు ఉందనగా పోలినాయుడు రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఒక్కడే. నారాయణమ్మ అరుగు మీదనుంచి "ఏటయ్యా, నీకేటైనా పిచ్చా? కప్పు మనూరికొస్తంది!" అని అరిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.

జీపు ఆగింది. డప్పు ఆగింది. భానోజీరావు దిగాడు.

"ఇదేమిటి నాయుడుగారూ? ఈ కప్పు ఊళ్ళోకి రావాలని పంతొమ్మిదేళ్ళుగా పోరుతున్నది మీరే కదండీ?"

"నానే బాబూ. గెల్సి తెమ్మన్నాను. బదిలీ సేసి తెమ్మన్నేదు."

"వచ్చింది కదా, ఎలా వస్తే ఏమిటి?"

"మా ఎర్రన్న మోకాలు పెట్టి గెల్సినాడు. ఆడు ఏ ఊరికి గెల్సినాడో ఆ ఊరి బీరువాలోనే ఉండాల. ఇది మా గౌరీపురం కప్పు."

పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరిని "మా" అన్నది అదే మొదలు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అవతల సన్యాసిరావు డప్పును గుండెలకు అదుముకుని, దేవుడు కనిపించినట్టు ఆయన్నే చూస్తున్నాడు.

జీపులోంచి త్రిలోచనరావుగారు గడియారం చూపించారు. భానోజీరావు గొంతు తగ్గించాడు.

"ముహూర్తం దాటిపోతోంది. ఎంతసేపు నిలబడతారు ఇక్కడ?"

"మూడేళ్ళు బాబూ," అన్నాడు పోలినాయుడు. "ఇప్పుడే కదేటి ఈ రోడ్డు మీద సేరినాను. మూడేళ్ళు నిండకుండా మనిషిని కదపరాదని మీ రూలే సెప్తంది."

భానోజీరావు జేబులోంచి బదిలీ నియమాల కాగితం తీసి, కళ్ళజోడు సవరించుకుని, మొదటినుంచీ చివరిదాకా ఎండలో నిలబడి చదివాడు. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. జీపు దగ్గరకు వెళ్ళి, ఇంజను కట్టెయ్యమని డ్రైవరుకు చెప్పాడు.